ధర్మశాస్త్రము, కృప: తెలుగు క్రైస్తవ పరిభాషలో ఒక వాదం చరిత్ర

దేవుడు మనిషికి ఆజ్ఞలెందుకిచ్చాడు? వాటిని నెరవేర్చలేని మనిషిని ఆయన ఏ ప్రాతిపదికపై అంగీకరిస్తాడు? క్రైస్తవ వేదాంతంలో ఈ రెండు ప్రశ్నలూ విడదీయరానివి. మొదటి శతాబ్దంలో పౌలు గలతీయులకూ రోమీయులకూ రాసిన లేఖల్లో ఇవి వాదరూపం దాల్చాయి. పదహారో శతాబ్దంలో పాశ్చాత్య క్రైస్తవం చీలిపోయినప్పుడు వివాదానికి కేంద్రం ఇవే. తెలుగు నేలకు ఈ వాదం చేరేనాటికి ఐరోపాలో పక్షాలు స్థిరపడి ఉన్నాయి. అయితే దాన్ని తెలుగులో చెప్పడానికి అనువాదకులు ఎంచుకున్న మాటలు కొత్తవి కావు. ‘ధర్మశాస్త్రము’, ‘కృప’, ‘నీతి’, ‘ప్రసాదము’ అప్పటికే కావ్యాల్లోనూ, న్యాయస్థానాల్లోనూ, గుడిలోనూ వాడుకలో ఉన్న మాటలు. వాటి పూర్వార్థాలు అనువాదంతో తుడిచిపెట్టుకుపోలేదు. తెలుగు క్రైస్తవంలో ఆజ్ఞకూ కృపకూ మధ్య ఏర్పడిన సంబంధాన్ని లూథర్, కాల్విన్‌ల నిర్వచనాల నుంచి మాత్రమే వివరించలేమనీ, ఈ మాటల పూర్వచరిత్రనూ వాటిని విన్న సమాజపు స్థితినీ కలిపి చూడాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఒక చిన్న ఉదాహరణ చాలు. యోహాను సువార్త మొదటి అధ్యాయం పదిహేడో వాక్యం మోషే ద్వారా వచ్చినదాన్నీ యేసు ద్వారా వచ్చినదాన్నీ పక్కపక్కన నిలుపుతుంది. ప్రొటెస్టెంటు బోధలో దీన్ని తరచుగా వైరుధ్యంగా చదువుతారు: అక్కడ ఆజ్ఞ, ఇక్కడ కృప. గ్రీకు మూలంలో మోషే ధర్మశాస్త్రానికి వాడిన క్రియకు ‘ఇవ్వబడింది’ అన్నంత మాత్రమే అర్థం. తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలు నేటికీ చదివే పాత అనువాదంలో ఆ చోట ‘అనుగ్రహింపబడెను’ అని ఉంది. పెద్దలు, దైవం ఇచ్చే సందర్భంలో ‘ఇచ్చు’కు బదులు ‘అనుగ్రహించు’ అనడం తెలుగు మర్యాద. అనువాదకులు ఆ మర్యాదనే పాటించి ఉంటారు. కానీ ఫలితం గమనించదగినది. కృపకు ప్రతిపక్షంగా నిలవవలసిన ధర్మశాస్త్రం తెలుగు వాక్యంలో తానే ఒక అనుగ్రహమైంది. వేదాంతులు శతాబ్దాల పాటు వాదించిన అంశాన్ని తెలుగు గౌరవవాచకం ఒక క్రియాపదంతో దాటేసింది.

ధర్మశాస్త్రమనే మాట

హీబ్రూ ‘తోరా’కు మూలార్థం ఉపదేశం, దారి చూపడం. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి అలెగ్జాండ్రియాలో సాగిన గ్రీకు అనువాదంలో అది ‘నోమోస్’ అయింది. లాటిన్‌లో ‘లెక్స్’ అయింది. అంటే తండ్రి కొడుక్కి చెప్పే బుద్ధిమాట క్రమంగా రాజ్యం విధించే చట్టమైంది. పౌలు వాదం గ్రీకులో సాగింది కనుక అతనికి చేతికందిన మాట నోమోస్.

భారతీయ భాషల అనువాదకులు ఈ మాట దగ్గర వేర్వేరు దారులు పట్టారు. తమిళ, మలయాళ బైబిళ్ళలో అది ‘న్యాయప్రమాణం’. హిందీ, బెంగాలీల్లో ‘వ్యవస్థ’. మరాఠీలో ‘నియమశాస్త్రం’. ఇవన్నీ కొంత తటస్థమైన మాటలు. ఏ ఒక్క గ్రంథరాశికీ పేర్లు కావు. తెలుగు అనువాదం మాత్రం ‘ధర్మశాస్త్రము’ అన్నది. మనువు, యాజ్ఞవల్క్యుడు, పరాశరుడు మొదలైన వారి స్మృతులకూ వాటి వ్యాఖ్యానాలకూ అప్పటికే పేరైన మాట అది.

తెలుగు పండితునికి ఆ మాట వినగానే గుర్తొచ్చే గ్రంథం కేతన ‘విజ్ఞానేశ్వరీయము’. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకుని పదమూడో శతాబ్దంలో తిక్కన శిష్యుడు తెలుగు పద్యాల్లో పెట్టిన ధర్మశాస్త్రం అది. దానికి మూడు కాండలు: ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం. మొదటిది ఏ వర్ణం, ఏ ఆశ్రమం వారు ఎలా నడుచుకోవాలో చెబుతుంది. రెండోది తగవుల పరిష్కారం. మూడోది తప్పు చేసినవాడు తిరిగి శుద్ధుడయ్యే మార్గం. ఇక్కడ మూడో కాండ ముఖ్యం. భారతీయ సంప్రదాయంలో ధర్మశాస్త్రం దోషాన్ని నిర్ణయించి ఊరుకోదు. నివారణను కూడా తానే విధిస్తుంది. దోషానికి తగిన కృచ్ఛ్రం, చాంద్రాయణం, దానం అన్నీ శాస్త్రం లోపలే ఉన్నాయి.

పౌలు చెప్పేది దీనికి సరిగ్గా ఎదురు. అతని దృష్టిలో ధర్మశాస్త్రం పాపాన్ని గుర్తింపజేస్తుంది. దాన్ని పోగొట్టే శక్తి దానికి లేదు. రోగనిర్ణయం అక్కడ, చికిత్స మరో చోట. ప్రాయశ్చిత్తకాండ లేని ధర్మశాస్త్రం తెలుగు శ్రోతకు మొదట అసంపూర్ణంగా తోచవలసిన విషయం. మోషే ధర్మశాస్త్రంలోనూ బలులు, శుద్ధి కర్మలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, లేవీయకాండమంతా అదే. ఆ బలులు రాబోయే ఒకే బలికి నీడ మాత్రమేనని హెబ్రీయులకు రాసిన లేఖ వాదించవలసి రావడానికి కారణం కూడా అదే. విజ్ఞానేశ్వరీయాన్ని ఎరిగిన పాఠకుడు ఆ లేఖను యూదు పాఠకుడంత సులువుగా అర్థం చేసుకోగలడు. ఈ పోలికను తెలుగు క్రైస్తవ వ్యాఖ్యాతలు ఇంకా ఎక్కువగా వాడుకుని ఉండవలసింది.

అనువాదాల కాలంలో ఈ మాటకు మరో అర్థం కూడా ఉంది. హిందువుల వారసత్వం, వివాహం వంటి విషయాల్లో వారి శాస్త్రం ప్రకారమే తీర్పు చెప్పాలని 1772లో వారన్ హేస్టింగ్స్ చేసిన ఏర్పాటు క్రమంగా కంపెనీ న్యాయస్థానాల పద్ధతి అయింది. మనుస్మృతికి విలియం జోన్స్ ఆంగ్లానువాదం 1794లో వచ్చింది. 1864లో ఆ పదవులు రద్దయ్యేవరకు న్యాయాధిపతులకు శాస్త్రార్థం చెప్పడానికి పండితులు ఉండేవారు. విశాఖపట్నంలో 1805లో స్థిరపడిన లండన్ మిషనరీ సొసైటీ వారు, జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్, బ్రాహ్మణ క్రైస్తవుడైన ఆనందరాయర్ సహాయంతో తెలుగు బైబిలు పని సాగించింది ఈ వాతావరణంలోనే. ఆ కృషిలో తొలి సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. సంపూర్ణ బైబిలు 1854లో వెలువడింది. ఆ అర్ధశతాబ్దంలో ‘ధర్మశాస్త్రము’ అంటే పుస్తకమే కాదు, కచేరీలో అమలవుతున్న చట్టం.

ఈ ఎంపికకు తోడుగా వచ్చిన మరో మాట ‘శాస్త్రులు’. సువార్తల్లో యేసుతో వాదించే యూదు లేఖకులను తెలుగు బైబిలు ‘శాస్త్రులు’ అంటుంది. లూకా సువార్తలో ఒకచోట ‘ధర్మశాస్త్రోపదేశకుడు’ కూడా కనిపిస్తాడు. అనువాదంగా ఇందులో తప్పులేదు. కానీ శాస్త్రులంటే తెలుగు ఊళ్ళో ఎవరో శ్రోతకు వేరే చెప్పనక్కరలేదు. మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెట్టేవారని యేసు శాస్త్రులను నిందించే ఘట్టం యెరూషలేము వీధుల నుంచి నేరుగా తెలుగు అగ్రహారానికి వచ్చి నిలుస్తుంది. ఇందుకు విరుద్ధమైన ఇబ్బంది రోమా పత్రిక రెండో అధ్యాయంలో ఎదురవుతుంది. అక్కడ పౌలు అన్యజనులను ధర్మశాస్త్రం లేనివారుగా వర్ణిస్తాడు. ధర్మశాస్త్రమనే మాట తమదైన దేశంలో, ఆ మాటతోనే, మీకు ధర్మశాస్త్రం లేదని చదివి వినిపించడం అనువాదం తెచ్చిపెట్టిన చిక్కు. శ్రోత మాల, మాదిగ వాడల వాడైతే చిక్కు మరో రూపం తీసుకుంటుంది. ఆ శాస్త్రం అతణ్ణి శాసించింది గాని అతనికి చెందలేదు. ‘ధర్మశాస్త్రము లేని’ అన్న విశేషణం అతని విషయంలో రెండు శాస్త్రాల పరంగానూ నిజం.

ఆజ్ఞల ప్రయోజనం: ప్రశ్నోత్తరుల వరుస

ధర్మశాస్త్రం రక్షించలేనప్పుడు దాని ప్రయోజనమేమిటన్నది పౌలే గలతీయులకు వేసిన ప్రశ్న. సంస్కరణ కాలంలో దీనికి వచ్చిన సమాధానాలు స్థూలంగా మూడు. దుష్టులను అదుపులో ఉంచి లోకవ్యవస్థను నిలపడం ఒకటి. మనిషికి తన పాపాన్ని అద్దంలో చూపి అతణ్ణి కృప వైపు తరమడం రెండోది. కృప పొందినవారికి నడవవలసిన దారి చూపడం మూడోది. లూథర్‌కు రెండోది ప్రధానం. 1535లో అచ్చయిన గలతీ వ్యాఖ్యలో ఆయన దాన్ని విస్తారంగా చెప్పాడు. కాల్విన్‌కు మూడోదే ముఖ్యప్రయోజనం. లూథర్ అనుచరుడు యోహాన్ అగ్రికోలా మరో కొసకు వెళ్ళి, విశ్వాసులకు ధర్మశాస్త్రం బోధించనే అక్కరలేదన్నాడు. 1537 నుంచి లూథర్ అతనితో వరుసగా వాదించవలసి వచ్చింది. చివరకు 1577 నాటి సమ్మతి సూత్రంలో లూథరన్లు కూడా మూడో ప్రయోజనాన్ని ఒప్పుకున్నారు.

ఈ భేదం సామాన్య విశ్వాసికి సిద్ధాంతంగా చేరదు. బాల్యంలో వల్లె వేసే ప్రశ్నోత్తరిలోని వరుసగా చేరుతుంది. 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో మొదట పది ఆజ్ఞలు, తరువాత విశ్వాసప్రమాణం, ఆపైన ప్రభుప్రార్థన. రోగికి ముందు తన రోగం తెలియాలి, తరువాత మందెక్కడుందో తెలియాలి, ఆ తరువాత దాన్ని అడిగి తెచ్చుకోవాలి అని లూథర్ 1520లోనే ఈ వరుసకు కారణం చెప్పాడు. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి, కాల్విన్ సంప్రదాయంలోనిది, దుర్దశ, విమోచన, కృతజ్ఞత అని మూడు భాగాలుగా నడుస్తుంది. పది ఆజ్ఞలు మూడో భాగంలో, కృతజ్ఞత కింద వస్తాయి. ఆజ్ఞలు అవే. ముందు చదివితే అభియోగపత్రం, తరువాత చదివితే రుణం తీర్చుకునే మార్గం.

తెలుగు అచ్చులో మొదట వచ్చింది లూథర్ వరుస. ట్రాంకెబార్ మిషనుకు 1719లో వచ్చి, తరువాత మద్రాసులో పనిచేసి, 1743లో జర్మనీకి తిరిగి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్, హాలె నగరంలో 1746, 1747 సంవత్సరాల్లో అచ్చువేయించిన తెలుగు పుస్తకాలు మన ముద్రణ చరిత్రలో మొదటివిగా ప్రసిద్ధం. వాటిలో చిన్న ప్రశ్నోత్తరి ఉంది. తెలుగు లిపి అచ్చుకెక్కిన తొలి సందర్భాల్లోనే పది ఆజ్ఞలు ఉండడం, అవి రోగనిర్ణయంగా ముందు నిలవడం యాదృచ్ఛికం కాదు. షుల్జ్ చేసిన బైబిలు అనువాదం మాత్రం అచ్చు కాలేదు. తరువాత గుంటూరులో 1842లో హెయర్ ప్రారంభించిన అమెరికన్ లూథరన్ మిషను ఇదే ప్రశ్నోత్తరి సంప్రదాయాన్ని తెచ్చింది. విశాఖ అనువాదకులది మాత్రం కాల్విన్ వైపు నుంచి వచ్చిన కాంగ్రిగేషనల్ సంప్రదాయం. నెల్లూరు, ఒంగోలు మిషన్లది బాప్టిస్టు సంప్రదాయం. కృష్ణకు దక్షిణాన ఇరుగుపొరుగు జిల్లాల్లో ఆజ్ఞల లెక్క కూడా ఒకటి కాదు. విగ్రహాల నిషేధం బాప్టిస్టులకు ప్రత్యేకంగా రెండో ఆజ్ఞ. లూథరన్లకు అది మొదటి దానిలో అంతర్భాగం. విశ్రాంతిదినం ఒకరికి నాలుగోది, మరొకరికి మూడోది. ఆ ఆజ్ఞకు లూథర్ ఇచ్చిన వివరణలో పని మానాలన్న మాటే లేదు. దేవుని వాక్యాన్ని, బోధను తృణీకరించరాదని మాత్రమే ఉంది. ఈ సంగతి ఒంగోలు దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

బాలశిక్షకుడు, సమాప్తి, తీర్పు

గలతీ పత్రిక మూడో అధ్యాయంలో పౌలు ధర్మశాస్త్రాన్ని ‘పైదగోగోస్’ అంటాడు. గ్రీకు, రోమన్ సంపన్న గృహాల్లో పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చే, నడవడి కనిపెట్టే దాసుడు అతడు. ఉపాధ్యాయుడు కాడు, చేతిలో బెత్తం ఉంటుంది, పిల్లవాడు పెద్దవాడయ్యాక అతనితో పనిలేదు. లూథర్ జర్మన్ బైబిల్లో అతడు దండించి అదుపులో పెట్టేవాడయ్యాడు. 1611 నాటి ఆంగ్ల బైబిల్లో బడిపంతులయ్యాడు. అనువాదం ఏ ప్రయోజనం వైపు మొగ్గిందో ఈ రెండు మాటలే చెబుతాయి.

తెలుగు అనువాదం ‘బాలశిక్షకుడు’ అన్నది. ఇంతకంటె తగిన మాట దొరకడం కష్టం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పు, అభ్యాసం. వేదాంగాల్లో మొదటిదాని పేరు అది. తెలుగు వ్యవహారంలో శిక్ష అంటే దండన. ‘బాలశిక్ష’ అన్న సమాసంలో మొదటి అర్థం నిలిచింది. పంతొమ్మిదో శతాబ్దంలో ‘పెద్దబాలశిక్ష’ ఆ అర్థాన్ని ఇంటింటికీ చేర్చింది. కచేరీ తీర్పుల్లో రెండోది నిలిచింది. అందువల్ల ‘బాలశిక్షకుడు’ అన్న ఒక్క మాటలో లూథర్ చెప్పిన దండించే ధర్మశాస్త్రమూ, కాల్విన్ చెప్పిన బోధించే ధర్మశాస్త్రమూ కలిసి ఉన్నాయి. జర్మన్, ఆంగ్ల అనువాదకులు ఒకదాన్ని వదులుకోవలసి వచ్చిన చోట తెలుగు దేన్నీ వదులుకోలేదు. ఇది అనువాదకుల ప్రతిభ అనడం కంటె భాష ఇచ్చిన అదృష్టమనడం న్యాయం. లోటు కూడా ఒకటుంది: పైదగోగోస్ దాసుడన్న అర్థం తెలుగులో పోయింది. కొడుకు కంటె సేవకుడు తక్కువవాడన్న మీదనే పౌలు తరువాతి వాదం నడుస్తుంది. శిక్షకుడు గురువు స్థానానికి దగ్గరగా వెళ్ళడంతో తెలుగులో ఆ తారతమ్యం మసకబారింది.

రోమా పత్రిక పదో అధ్యాయంలో క్రీస్తు ధర్మశాస్త్రానికి ‘తెలోస్’ అన్నాడు పౌలు. గ్రీకులో దానికి ముగింపు అనీ, లక్ష్యం అనీ రెండర్థాలు. ముగింపైతే ధర్మశాస్త్రం రద్దయినట్టు. లక్ష్యమైతే అది తన గమ్యం చేరినట్టు. ఈ భేదం మీద వ్యాఖ్యాతలు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. తెలుగులో ‘సమాప్తి’ అన్నారు. గ్రంథసమాప్తి, వ్రతసమాప్తి అనే వాడుకలో ఈ మాటకు ఆగిపోవడమనే అర్థం కాక, చేయవలసినదంతా చేసి పూర్తిచేయడమనే అర్థముంది. మధ్యలో విడిచిపెట్టిన వ్రతానికి సమాప్తి ఉండదు. తెలుగు పాఠకుడు అగ్రికోలా మార్గం పట్టకుండా ఈ మాట కొంత కాపాడుతుంది.

‘నీతిమంతుడుగా తీర్చబడు’ అన్న ప్రయోగం మరింత విలువైనది. పాపిని దేవుడు నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతుడుగా మారుస్తాడా అన్నది ప్రొటెస్టెంటులకూ రోమను సభకూ మధ్య ప్రధాన వివాదం. పాపక్షమాపణతో పాటు అంతరంగపు నవీకరణ కూడా ఇందులో భాగమని 1547లో ట్రెంట్ మహాసభ నిర్ణయించింది. తెలుగులో ‘తీర్చు’ ధాతువు నుంచి ‘తీర్పు’ వచ్చింది, ‘తీర్చిదిద్దడం’ వచ్చింది, ‘అప్పు తీర్చడం’ కూడా వచ్చింది. పాత అనువాదం రోమా పత్రిక మూడో అధ్యాయంలో ‘నీతిమంతులని’ అని ప్రకటనార్థకంగానూ, ఐదో అధ్యాయం మొదట్లో ‘నీతిమంతులముగా’ అని పరిణామార్థకంగానూ ఈ క్రియను వాడింది. ‘అని’కీ ‘గా’కూ మధ్య గల తేడాలో ట్రెంట్ వివాదమంతా ఇమిడి ఉంది. రెండూ ఒకే గ్రంథంలో, రెండు అధ్యాయాల దూరంలో, ఎవరూ అభ్యంతరపెట్టకుండా కొనసాగుతున్నాయి.

కృప, వరప్రసాదం

ఇక కృప. హీబ్రూలో ఒడంబడికకు కట్టుబడిన ప్రేమకు ‘హెసెద్’ అని పేరు. గ్రీకు అనువాదకులు దాన్ని ఎక్కువచోట్ల ‘ఎలెయోస్’, అంటే జాలి, అన్నారు. పౌలు ప్రధానంగా వాడిన ‘ఖారిస్’ వేరే మాట. తెలుగు అనువాదం కీర్తనల్లోని హెసెద్‌నూ పౌలు ఖారిస్‌నూ రెండింటినీ ‘కృప’ అనే అన్నది. నిర్గమకాండం ముప్పై నాలుగో అధ్యాయంలో సీనాయి కొండ మీద, రెండోసారి రాతిపలకలు ఇచ్చే సమయంలో, దేవుడు తన్ను గురించి చెప్పుకునే మాటల్లో ‘కృపాసత్యములు’ అన్న సమాసం వస్తుంది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో క్రీస్తును గురించి అదే సమాసం తిరిగి వస్తుంది. యోహాను ఆ నిర్గమ ఘట్టాన్నే తలచుకుంటున్నాడని పండితులు చాలాకాలంగా అంటున్నారు. దాన్ని గ్రీకు పాఠకుడు వ్యాఖ్యానం సాయంతో గ్రహించాలి. తెలుగు పాఠకుడికి చెవికే తెలుస్తుంది. ఆజ్ఞలిచ్చిన కొండ మీదనే కృప కూడా ప్రకటితమైందన్న సంగతి తెలుగు బైబిల్లో దాగి లేదు.

కతోలిక సంప్రదాయం ఇదే భావానికి ‘వరప్రసాదము’ అన్నది. మంగళవార్త జపంలో మరియమ్మను ‘దేవవరప్రసాదము’ చేత నిండినదిగా సంబోధిస్తారు. లూకా సువార్తలో అదే చోట ప్రొటెస్టెంటు అనువాదం ‘దయాప్రాప్తురాలా’ అంటుంది. రెండు మాటల మధ్య దూరం చిన్నది కాదు. ప్రసాదం చేతికందేది, పంచేది, లోపలికి స్వీకరించేది. దానితో మనిషి నిండుతాడు. దయ, కృప దేవుని మనసులో ఉండేవి. మనిషి వాటికి పాత్రుడవుతాడు గాని వాటిని ఉంచుకునే పాత్ర కాడు. కృప అంటే ఆత్మలో చేరే గుణం కాదని, దేవుని ప్రసన్నత అని 1521లో లాటోమస్‌కు సమాధానంగా లూథర్ వాదించాడు. ఆ గ్రంథం చదవని తెలుగువాడు కూడా ఏ గుడిలో ఏ మాట వింటున్నాడో దాన్ని బట్టి ఆ వాదంలో ఏదో ఒక పక్షాన ఉన్నట్టే. ఈ రెంటిలో తెలుగు భక్తి సంస్కారానికి దగ్గరైనది వరప్రసాదమే అనిపిస్తుంది. ప్రసాదం స్వీకరించని తెలుగు భక్తుడు అరుదు. ప్రొటెస్టెంటులు ఆ మాటకు దూరంగా ఉండడానికి సిద్ధాంతంతో పాటు ఈ సామీప్యం కూడా కారణం కావచ్చు.

ఒంగోలు: మూడు నియమాలు

ఇంతవరకు చూసింది గ్రంథస్థమైన చరిత్ర. మతం మారినవారికి ‘ఏ ధర్మశాస్త్రం’ అన్నది గ్రంథాల్లో తేలే ప్రశ్న కాదు. 1850లో వచ్చిన చట్టం మతం మారినంత మాత్రాన వారసత్వహక్కు పోదన్నది. అప్పటి మద్రాసు రాజధానిలోని బళ్ళారికి చెందిన ఒక క్రైస్తవ కుటుంబంలో వితంతువుకూ భర్త సోదరునికీ మధ్య వచ్చిన ఆస్తి వివాదం, అబ్రహాం వ్యాజ్యం, 1863లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. క్రైస్తవుడైనవాడిపై హిందూ ధర్మశాస్త్రానికి తప్పనిసరి అధికారం ఉండదని, అయితే అతడు పాత మతంతో పాటు పాత ధర్మాన్ని వదులుకోనూవచ్చు, కోరుకుంటే దానికే కట్టుబడి ఉండనూవచ్చునని కౌన్సిల్ చెప్పింది. పౌలు లేఖల్లో ఆత్మకు సంబంధించినదిగా ఉన్న ధర్మశాస్త్ర విముక్తి ఇక్కడ భూమి, ఇల్లు, నగదుకు సంబంధించినదైంది. ఆ ఎంపిక ఆస్తి ఉన్నవారికే అక్కరకొస్తుంది.

ఆస్తి లేనివారి కథ ఒంగోలులో నడిచింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. అదే సంవత్సరం బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగల్లో ఉద్యమానికి ఆద్యుడయ్యాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు చెప్పినప్పుడు క్లౌ, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరవగా ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో దేవుడు లోకంలో నీచులను ఏర్పరచుకున్నాడన్న ఒకే భాగం కనిపించిందని ఆయన స్వీయచరిత్ర చెబుతుంది. ఆ నిర్ణయం పూర్తిగా కృప పక్షాన జరిగింది: అర్హత చూడలేదు.

చేరినవారికి మాత్రం మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువు మాంసం తినరాదు. విగ్రహాలను పూజించరాదు. 1914లో ప్రచురితమైన క్లౌ గ్రంథం ఈ నియమాలను దాచకుండా చెప్పింది. వేదాంతపరంగా వీటి స్థానమేమిటి? మొదటిదీ మూడోదీ పది ఆజ్ఞల్లోవి. మొదటిదాని వెనుక ఉన్నది ప్యూరిటన్ ఆదివారాచారం. పైన చూసినట్టు లూథర్ ప్రశ్నోత్తరి నుంచి ఆ నియమం రాదు. రెండోది పది ఆజ్ఞల్లో ఎక్కడా లేదు. అది లేవీయకాండం, ద్వితీయోపదేశకాండాల్లోని ఆహారవిధి. క్రీస్తుతో సమాప్తమైనదని లూథరన్లు, కాల్విన్ వాదులు, బాప్టిస్టులు ముగ్గురూ ఒప్పుకునే ఆచారకాండకు చెందినది. కృపను బోధించిన మిషను, తాను రద్దయిందనే ధర్మశాస్త్ర భాగం నుంచే ఒక నియమాన్ని తెచ్చి ప్రవేశద్వారం దగ్గర పెట్టింది.

ఈ మూడూ గ్రామవ్యవస్థను మూడు చోట్ల తాకాయి. మాదిగలు చచ్చిన పశువులను తీసివేయడం, తోలుపని చేసిపెట్టడం, జాతరల్లో డప్పు కొట్టడం వంశపారంపర్య బాధ్యతలు. ప్రతిఫలంగా కళ్ళంలో మేర దక్కేది. కళేబరం మాంసం కూడా ఆ ప్రతిఫలంలో భాగమే. ఆదివారం పొలానికి రాననడం, అమ్మవారి ముందు డప్పు కొట్టననడం, ఆ మాంసం ముట్టననడం ఆసాముల, కరణాల దృష్టిలో మతం మార్పు కంటె పెద్ద నేరాలు. కాబట్టి ఈ నియమాలు రక్షణకు షరతులా, ఫలాలా అన్న ప్రశ్న మాదిగవాడలో బతుకుతెరువు ప్రశ్నగా మారింది. నియమం పాటించిన కుటుంబం కూలీ పోగొట్టుకునే ప్రమాదంలో పడింది.

1876 నుంచి 1878 వరకు సాగిన మహాకరువులో ఈ ప్రశ్న మరో వైపు తిరిగింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని గుత్తకు తీసుకుని కరువు బాధితులకు పని ఇచ్చాడు. సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చేవారన్న అపవాదు రాకూడదని ఆయన ఉద్దేశం. ఉచితమని చెప్పే కృపను మరో ఉచితంతో కలవకుండా విడిగా ఉంచవలసి వచ్చింది. సహాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మిషను చరిత్రలు ఈ అంకెను ఘనంగా చెబుతాయి. తిండి దొరికే రోజుల్లో కాక, అది ఆగిపోయాక వచ్చిన అంకె కావడమే దాని విలువ అని చెప్పేవి తక్కువ.

ఆ రెండో నియమం మిగతా రెండింటికంటె ఎక్కువ కాలం సమాజంలో పనిచేసింది. సుమారు అర్ధశతాబ్దం తరువాత, 1927లో మహాడ్‌లో అంబేద్కర్ దళితులను చచ్చిన పశువు మాంసం మానమన్నారు. అక్కడ కారణం ఆత్మగౌరవం, ఏ ధర్మశాస్త్రమూ కాదు. అయితే ఆ నియమానికి ఆధారమైన ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయంలోని విధిని పూర్తిగా చదివితే దానిలో రెండు పక్షాలున్నాయని తెలుస్తుంది. ఇశ్రాయేలీయులు దానంతట అది చచ్చినదాన్ని తినరాదు. వారు ప్రతిష్ఠితులైన ప్రజలు. కానీ దాన్ని తమ ఊరి గుమ్మాల్లో ఉన్న పరదేశికి ఇవ్వవచ్చు, అన్యునికి అమ్మవచ్చు. ఊరి పశువు చస్తే దాన్ని ఎవరు తినరాదో, ఎవరికి వదిలేయవచ్చో చెప్పే ఈ ఏర్పాటు తెలుగు పల్లెకు కొత్తది కాదు. పల్లెలో ఆ పరదేశి స్థానం మాదిగది. ఒంగోలు సంఘంలో చేరిన మాదిగ ఆ మాంసం నాకొద్దన్నప్పుడు, ఆ వాక్యంలో ఎవరికి ఇవ్వవచ్చునో ఆ వరుస నుంచి లేచి, ఎవరితో ఆజ్ఞ చెప్పబడిందో ఆ వరుసలో వచ్చి నిలబడ్డాడు.